మనసు మొగ్గు – అల్లాహ్ పై భరోసా

 



తొలకరి దగ్గర పడుతున్నదంటే మన పొదిలి చుట్టుపట్ల పల్లెలలో ప్రతి ఇంటా ఒకటే ఆలోచన. పత్తి పెట్టాలా, మిరప వేయాలా, కందితో సరిపెట్టుకోవాలా? సొంత చెలక చాలునా, మరి నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకోవాలా? ఈ ప్రశ్నలతో మా వద్దకు వచ్చే సోదరులలో చాలామంది సలహా కోసం రారు. తీర్మానం అప్పటికే అయిపోయి ఉంటుంది. "ఈసారి కలిసి వస్తుందని మనసు చెబుతున్నది, దుఆ చేయండి" అంటారు. దుఆ తప్పక చేస్తాము. కాని ఆ మనసుకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

2021-22 సాగు కాలంలో నల్లతామర పురుగు గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప తోటలపై పడింది. పూత నిలువలేదు, కాయ దిగలేదు. తోటలు దున్నివేసిన రైతులు ఉన్నారు. ఇక మిరప జోలికి పోమని ఎందరో అన్నారు. పంట తగ్గడంతో ధర లేచింది. లేచిన ధరను చూసి మనసులు మళ్ళీ మిరప వైపు తిరిగాయి. 2025 ఆరంభానికి ఆ ధర ఎంతగా పడిపోయిందంటే, క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకాన్ని ప్రకటించవలసి వచ్చింది. మనం భయపడిన ఏడు ధర పలికింది, ఆశపడిన ఏడు కూలిపోయింది. మనసు నిరుడు జరిగినదానిని చూసి ఈ ఏటి మాట చెబుతుంది. రాబోయే ఏటి జ్ఞానం దానికి లేదు. ఆ జ్ఞానం అగోచరాలు ఎరిగిన ప్రభువు వద్ద మాత్రమే ఉన్నది.

మనసులో ఇష్టం, భయం, ఆశ కలగడం పాపం కాదు. అవి లేని మనిషి లేడు. ప్రవక్తలకు కూడా దుఃఖం కలిగింది, ప్రేమ కలిగింది. అయితే కలిగిన భావాన్ని సాక్ష్యంగా నిలబెట్టి, దానినే తీర్పరిగా చేసుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. తన మనోవాంఛనే దైవంగా చేసుకున్న వ్యక్తి గురించి దివ్యఖుర్ఆన్ 45వ సూరా అల్ జాసియాలో హెచ్చరిక ఉన్నది. విగ్రహాన్ని మొక్కేవాడికి తాను దేనిని మొక్కుతున్నాడో తెలుస్తుంది. మనోవాంఛకు తలవంచినవాడికి అది కూడా తెలియదు.

ఇక్కడ చదువుకున్న యువకులు ఒక ప్రశ్న వేస్తారు. దైవప్రవక్త (స) హజ్రత్ వాబిసా (రజి)తో హృదయాన్నే అడిగి తెలుసుకోమన్నారు కదా, మరి మనసు మాట వినకూడదా అని. ప్రశ్న సమంజసమైనదే. ఆ హదీసు ఇమామ్ నవవీ నలభై హదీసుల సంకలనంలోనూ ఉన్నది. కాని అక్కడ ప్రశ్న పుణ్యపాపాల గురించి. ఎవరు ఫత్వా ఇచ్చి సమర్థించినా లోలోపల గుచ్చుతూ ఉండే పని పాపమని తెలుసుకోమన్నది దాని సారాంశం. ఆ మాట విన్నవారు ప్రవక్త (స) సహాబీ. స్పష్టమైన ధార్మిక ఆజ్ఞ ఉన్నచోట హృదయాన్ని అడగనక్కరలేదని, విశ్వాసంతో వెలిగిన హృదయానికే ఈ మాట వర్తిస్తుందని పండితులు వివరించారు. మనసు "వద్దు" అని గుచ్చితే ఆగమన్నారు. "కావాలి" అని తొందరపెడితే పరుగెత్తమనలేదు. ఈ తేడాను గమనించండి.

మన ప్రాంతపు క్రైస్తవ సోదరుల మందిరాలలోనూ ఈ ప్రశ్న వినవస్తుంది. ప్రార్థన చేసిన తరువాత కలిగే ప్రశాంతతను దైవ నిర్ణయంగా భావించవచ్చునా అని వారూ తర్కించుకుంటారు. పొరపాటు పడే అవకాశం అందరికీ ఒకటే. మనకు మన ప్రవక్త (స) చూపిన మార్గం ఉన్నది కనుక దానినే చూద్దాము.

హిజ్రీ 3వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 625లో, మక్కా ఖురైషులు మూడు వేల సైన్యంతో మదీనాపైకి వచ్చారు. ఊరిలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్ లో పాల్గొనే అవకాశం దొరకని యువకులు బయటికి వెళ్ళి పోరాడాలని ఉవ్విళ్ళూరారు. వారి పట్టుదలను మన్నించి, జుమా నమాజు ముగిసిన తరువాత దైవప్రవక్త (స) ఇంటిలోనికి వెళ్ళి కవచం ధరించి వచ్చారు. అప్పటికి ఆ యువకుల మనసులు మారాయి. మేము బలవంతం చేశామేమో, తమ ఇష్టం వచ్చినట్లే చేయండి అన్నారు. కవచం ధరించిన ప్రవక్త అల్లాహ్ తీర్పు జరిగే వరకు దానిని విప్పడం తగదని చెప్పి దైవప్రవక్త (స) బయలుదేరారు. ఉదయం ఉత్సాహం, మధ్యాహ్నం పశ్చాత్తాపం! ఒక్క రోజులోనే మనసు రెండు మాటలు చెప్పింది. రెండింటిలో దేనిని నమ్మాలి?

ఉహుద్ లో 70 మంది సహచరులు అమరులయ్యారు. దైవప్రవక్త (స) గాయపడ్డారు. సంప్రదింపుల వల్లనే ఇంత జరిగిందని, ఇకపై ఎవరినీ అడగవద్దని మన మనసైతే చెప్పి ఉండేది. ఆ యుద్ధం తరువాత అవతరించిన ఆలె ఇమ్రాన్ సూరా 159వ ఆయత్ దానికి పూర్తిగా భిన్నమైన ఆదేశం ఇచ్చింది. వారిని మన్నించమన్నది, వారి కోసం క్షమాభిక్ష కోరమన్నది, వ్యవహారాలలో వారిని సంప్రదిస్తూనే ఉండమన్నది. ఆపైన దృఢ నిశ్చయానికి వచ్చినప్పుడు అల్లాహ్ పై భారం వేయమన్నది. మష్వరా, నిశ్చయం, తవక్కుల్ – ఇదీ వరుస. మనలో కొందరు తవక్కుల్ ను మొదటికి తెచ్చి మష్వరాను ఎగ్గొడతారు. "అంతా అల్లాహ్ చూసుకుంటాడు" అంటూ విత్తనం బిల్లు కూడా తీసుకోరు, కౌలు కాగితం రాయించుకోరు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత భరోసా ఉంచమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించిన సంగతి తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్నది. బిల్లు, కౌలు కాగితం మన ఒంటెకు కట్టుతాళ్ళు.

సేద్యం చేసేవారు తప్పక తెలుసుకోవలసిన మరొక సంఘటన బుఖారీలో ఉన్నది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి వెళుతూ సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముందుగా ముహాజిర్లను, తరువాత అన్సార్లను, ఆ తరువాత ఖురైషు పెద్దలను సంప్రదించారు. మొదటి రెండు వర్గాలలో అభిప్రాయాలు చీలాయి. పెద్దలందరూ వెనుదిరగమన్నారు. అలాగే నిశ్చయించారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇది అల్లాహ్ విధి నుండి పారిపోవడం కాదా అని అడిగారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపునకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చి, ఒక ఉపమానం చెప్పారు. ఒక లోయలో ఒక పక్క పచ్చిక, మరొక పక్క బీడు ఉంటే, ఒంటెలను ఏ పక్క మేపినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అని దాని భావం. కనుక పురుగు తగిలిన పంటను ఈ ఏడు మానుకోవడం భరోసా లేకపోవడం కాదు. ఒకే పంటకు ఉన్నదంతా ఒడ్డడం భరోసా కాదు. వ్యవసాయ అధికారిని, అనుభవం ఉన్న పెద్దరైతును, ఇంటిలోని ఇల్లాలిని అడగడం తవక్కుల్ లో భాగం. ఇల్లాలిని అని మేము ఊరకే అనలేదు. అప్పు కోసం ఆమె మెడలోని బంగారమే ముందు కుదువకు పోతుంది.

ఇక ఇస్తిఖారా సంగతి. ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా దైవప్రవక్త (స) తమకు అన్ని వ్యవహారాలలోనూ ఇస్తిఖారాను నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. రెండు రకాతుల నఫిల్ నమాజు, దాని తరువాత ఒక దుఆ. ఇంత సులువైన సున్నత్ చుట్టూ మనవారు ఎన్ని కల్పించారో! కల రావాలంటారు. కలలో పచ్చరంగు కనబడితే మంచిది, ఎరుపు కనబడితే చెడ్డది అంటారు. కొందరు డబ్బిచ్చి ఆమిల్ చేత "ఇస్తిఖారా తీయిస్తారు". అజ్ఞాన కాలపు అరబ్బులు ప్రయాణానికో పెళ్ళికో ముందు బాణాలు లాగి జోస్యం చూసుకునేవారు. మాయిదా సూరా 3వ ఆయత్ దానిని నిషేధించింది. ఆ బాణాల స్థానంలో మనకు లభించినది ఇస్తిఖారా. దానినే మళ్ళీ బాణాల ఆటగా మార్చుకోవడం ఎంత దురదృష్టం!

ఆ దుఆలో ఏమున్నదో ఒక్కసారి ఆలోచించండి. దాసుడు తనకు తెలియదని, శక్తి లేదని ఒప్పుకుంటాడు. ఈ పని తన ధర్మానికి, జీవితానికి, అంతిమ ఫలితానికి మేలైనదైతే తనకు రాసిపెట్టి సులభం చేయమంటాడు. కీడైతే దానిని తన నుండి, తనను దాని నుండి మళ్ళించమంటాడు. మేలు ఎక్కడ ఉన్నా అది ప్రసాదించి, దానితో తనను తృప్తిపరచమంటాడు. ఇందులో కలను కోరిన మాట ఎక్కడా లేదు. మనసుకు ఒక సంకేతం కలగాలని కూడా అడగలేదు. అడిగినది ఫలితాన్ని. మనసు తృప్తి చిట్టచివర వస్తుంది. మనమేమో ముందు మనసు కుదుటపడాలి, ఆ తరువాత నిర్ణయం అంటున్నాము.

ఇస్తిఖారా తరువాత హృదయం దేనికి తెరుచుకుంటే దానిని చేయవచ్చునని ఇమామ్ నవవీ అన్న మాట నిజమే. దానికి హాఫిజ్ ఇబ్న్ హజర్ ఒక హద్దు చెప్పారు. ఇస్తిఖారాకు ముందే బలమైన కోరిక ఉన్న విషయంలో ఆ మొగ్గును ఆధారం చేసుకోరాదని. మిరప మీద, కోడలి మీద, గల్ఫ్ వీసా మీద ముందే మనసు పారేసుకున్నవాడికి వచ్చే మొగ్గు పాత కోరికే, కొత్త చొక్కా తొడుక్కుని వస్తుంది. అలాగే వడ్డీ అప్పు తీసుకోవాలా అని ఇస్తిఖారా చేయడం ఉండదు. నిషిద్ధమైనదానికి, విధి అయినదానికి ఇస్తిఖారా లేదు. కట్నం పుచ్చుకోవాలా అన్నదానికీ అంతే.

పెళ్ళి సంబంధాల విషయంలో హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతం చాలును. ఆమెను ఇద్దరు అడిగి ఉన్నారు, ముఆవియా (రజి), అబూ జహ్మ్ (రజి). ఆమె దైవప్రవక్త (స) సలహా కోరారు. ఒకరి పేదరికాన్ని, మరొకరి కాఠిన్యాన్ని చెప్పి, ఉసామా బిన్ జైద్ (రజి)ను చేసుకోమన్నారు. ఆమెకు నచ్చలేదు. ఆ మాట దాచకుండా ఆమే చెప్పారు. దైవప్రవక్త (స) మళ్ళీ అదే చెప్పగా అంగీకరించారు. అల్లాహ్ ఆ వివాహంలో ఎంత మేలు ఉంచాడంటే తనను చూసి ఇతరులు అసూయపడ్డారని ఆమె చెప్పుకున్నారు. అంటే నచ్చని సంబంధాన్ని ఆడపిల్ల నెత్తిన రుద్దవచ్చునని తండ్రులు అర్థం చేసుకోవద్దు. ఆమె సమ్మతి లేని నికాహ్ షరీఅత్ కు సమ్మతం కాదు. అక్కడ సలహా ఇచ్చినవారు దైవప్రవక్త (స), అంగీకరించినది ఆమె స్వయంగా.

సోదరులారా, ఒక బరువైన మాట చెప్పక తప్పదు. పంట పోయి, అప్పు మిగిలి, ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్ళు ఈ మెట్ట ప్రాంతంలో మనకు తెలుసు. జూన్ లో "ఈ ఏడు తప్పక కలిసి వస్తుంది" అని చెప్పిన మనసే మార్చిలో "ఇక దారి లేదు" అని చెబుతుంది. మొదటి మాటకు ఎంత జ్ఞానం ఆధారమో, రెండవ మాటకూ అంతే. జూన్ లో అది రేపటిని చూడలేదు, మార్చిలోనూ చూడలేదు. ఆ రాత్రి ఎవరికైనా అలా అనిపిస్తే ఒంటరిగా కూర్చోవద్దు. ఇంటివారిని లేపండి, పొరుగువారి తలుపు తట్టండి, మసీదుకు రండి. ఎంత రాత్రయినా మా తలుపు తెరిచే ఉంటుంది. అప్పు ఇచ్చినవాడితో మాట్లాడేందుకు నలుగురు పెద్దలం వెంట వస్తాము. అప్పుల భారంతో నలిగినవారికి జకాత్ లో వాటా ఉన్నదని తౌబా సూరా 60వ ఆయత్ నిర్ణయించింది. అది వారి హక్కు, అడగడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇస్తిఖారా దుఆ రానివారు అస్ర్ నమాజు తరువాత మసీదులో కూర్చుని నేర్చుకోవచ్చు. అరబీ చదవలేనివారికి తెలుగు లిపిలో రాసి ఇస్తాము. అస్ర్ తరువాత నఫిల్ చదవరాదు కనుక, రెండు రకాతులు మగ్రిబ్ తరువాత గాని, ఇషా తరువాత గాని చదువుకోండి. కౌలు కాగితం మీద సంతకం చేయడానికి ముందే చదవండి.