ఉపవాసం, హిమోగ్లోబిన్
శుక్రవారం ఉపవాస కూడికలో ముందు వరుస నలభై దాటిన మన సహోదరీలదే. మోకాళ్ల మీద నుంచి లేస్తూ కళ్లు తిరిగితే "వయసు" అని సరిపెట్టుకుంటారు. అది రక్తహీనత కావచ్చు. నెలసరి ఆగిపోయే ముందు సంవత్సరాల్లో కొందరికి రక్తస్రావం ఎక్కువవుతుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. భోజనం కాగానే తాగే టీ, ఆకుకూరల్లోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు.

చావు కోరుకుని బదరీవృక్షం క్రింద పడుకున్న ఏలీయాను (1 రాజులు 19) దూత మందలించలేదు. రెండుసార్లు లేపి తినమన్నాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. హోరేబు ప్రయాణం ఆ తరువాతే.

షుగరు మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే ప్రార్థన చేయించుకోండి, ఆలస్యం చేయక ఆసుపత్రికీ వెళ్లండి. కాపరులమైన మనం ఈ రెండో మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాం.