ఇల్లు కట్టటానికి అనుమతి ఎందుకు?

మీ వీధిలోనో, మీరు బడికి పోయే దారిలోనో, ఎక్కడో ఒకచోట కొత్త ఇల్లు లేస్తూనే ఉంటుంది. పునాది గుంటలు తవ్వటం, ఇనప ఊచలు కట్టటం, కాంక్రీటు పొయ్యటం మీరు చూసే ఉంటారు. అయితే ఆ స్థలంలో మొదటి గడ్డపార దెబ్బ పడకముందే జరగవలసిన పని ఒకటున్నది. ఇంటివారు ప్లాను గీయించి, దాన్ని పురపాలక సంఘంవారికో నగరపాలక సంస్థవారికో ఇచ్చి, అనుమతి పొందాలి.

"స్థలం మాది, డబ్బు మాది. మధ్య ఒకరి అనుమతి దేనికి?" అని కొందరు విసుక్కుంటారు. ఇది అడగదగిన ప్రశ్నే. జవాబు ఆ ఇంటి గోడల్లోనే ఉన్నది. పూర్తి అయిన ఇంటిని ఎంత పరీక్షగా చూసినా, స్తంభాలలో ఎన్ని ఊచలు వేశారో, పునాది ఎంత లోతుకు పోయిందో కనిపించదు. పైన సిమెంటు పూత పూసి రంగు వేశాక, గట్టి ఇల్లూ గుల్ల ఇల్లూ ఒక్కలాగే ఉంటాయి. అందుచేత చూడవలసినవారు ముందే చూడాలి.

ఈ సంగతి మనుషులకు ఒక్కరోజున తట్టలేదు. సుమారు 3,750 ఏళ్ళ క్రితం బాబిలోను నగరాన్ని ఏలిన హమ్మురాబి తన శాసనాలను ఒక నల్లరాతి మీద చెక్కించాడు. ఆ రాయి ఇప్పుడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో ఉన్నది. కట్టినవాడి పని సరిగా లేక ఇల్లు కూలి యజమాని చనిపోతే, కట్టినవాడికి మరణశిక్ష అని అందులో ఉన్నది. యజమాని కొడుకు చనిపోతే, కట్టినవాడి కొడుకును చంపాలట! ఏ పాపమూ ఎరగని పిల్లవాణ్ణి చంపితే పోయిన పిల్లవాడు తిరిగి రాడు గదా! పైగా, ఇల్లు కూలినదాకా ఆ శాసనానికి పనే లేదు.

కూలకముందే చూడటం ఎలాగో లండను నగరం ఒక పెద్ద ఆపద ద్వారా నేర్చుకున్నది. 1666 సెప్టెంబరు 2వ తేదీన, తెల్లవారకముందు, అక్కడ ఒక రొట్టెలవాడి ఇంట్లో నిప్పు అంటుకున్నది. ఆ రోజుల్లో అక్కడి ఇళ్ళు చాలావరకు కొయ్యతో కట్టినవి. వీధులు ఇరుకు. ఎదురెదురు ఇళ్ళ పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకు వచ్చి, దాదాపు ఒకదాన్ని ఒకటి తాకుతున్నట్టుండేవి. నిప్పు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి సులువుగా దాటింది. నాలుగు రోజుల్లో సుమారు 13,200 ఇళ్ళూ, 87 చర్చీలూ కాలిపోయాయి. ఇటుకతోనే ఇళ్ళు కట్టాలని రాజులు అంతకుముందే ఆజ్ఞలు ఇచ్చారు. కాని ఇటుకకు ఖర్చు ఎక్కువ గనక చాలామంది లెక్కచెయ్యలేదు.

మరుసటి ఏడు, 1667లో, కొత్త చట్టం వచ్చింది. బయటి గోడలు ఇటుకతో గాని, రాతితో గాని కట్టాలి. ఇళ్ళు నాలుగు రకాలు. ఏ రకానికి ఎన్ని అంతస్తులు, గోడ ఎంత మందం అన్నది చట్టంలోనే రాశారు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి: స్థలాలు కొలవటానికి ఉద్యోగులను నియమించారు. వారిలో ఒకడు రాబర్టు హుక్. స్ప్రింగులను గురించి మీరు పాఠంలో చదువుకునే హుక్ సూత్రం ఈయనదే. ఇంటివాడు రుసుము చెల్లించిన తరువాత కొలతగాళ్ళు వచ్చి, హద్దులు కొలిచి, మేకులు పాతేవారు. పునాది ఆ తరువాతే. ఈనాటి అనుమతి పత్రానికి అది తాతవంటిది.

మన దేశంలో భవనాలను గురించిన జాతీయ స్మృతి మొదటిసారి 1970లో వచ్చింది. 2016లో దాన్ని తిరగరాసి పెద్దది చేశారు. దాన్ని ఆధారం చేసుకుని రాష్ట్రాలు తమ తమ నియమాలు ఏర్పరుచుకుంటాయి. ఇంటి చుట్టూ ఇంత జాగా వదలాలని ప్లానులో ఎందుకు అడుగుతారు? గాలీ వెలుతురూ రావటానికి. పక్కింటి నిప్పు మన ఇంటికి అంటకుండా ఉండటానికి. అవసరమైతే అగ్నిమాపక దళంవారు లోపలికి రావటానికి. మెట్లు ఇంత వెడల్పుండాలని ఎందుకంటారు? ప్రమాదం వచ్చినప్పుడు అందరూ ఒకేసారి దిగవలసి ఉంటుంది గనక.

ఇక అంతస్తుల సంగతి. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,500 కిలోల బరువుంటుంది. 4 మీటర్ల పొడవూ, 3 మీటర్ల వెడల్పూ గల గది మీద 10 సెంటీమీటర్ల మందాన స్లాబు వేస్తే ఎంత కాంక్రీటు పడుతుంది? 1.2 ఘనమీటర్లు. అంటే 3,000 కిలోలు! ఒక్క గది కప్పే ఒక ఏనుగంత బరువన్నమాట. రెండంతస్తులకని వేసిన స్తంభాల మీద, ఎవరికీ చెప్పకుండా మూడో అంతస్తు లేపితే, గది గదికీ ఒక ఏనుగును ఎక్కించినట్టే. గోడలూ, సామానూ, మనుషులూ అదనం.

అయితే అనుమతి కాగితం చేతిలో ఉంటే చాలునా? చాలదు. 2014 జూన్ 28న చెన్నై పక్కన మౌలివాక్కంలో, కడుతూ ఉన్న 11 అంతస్తుల భవనం ఒక్కసారిగా కూలిపోయింది. 61 మంది చనిపోయారు. శిథిలాల కింది నుంచి 27 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. పోయినవారిలో చాలామంది పొట్టకూటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్ళిన తెలుగు కూలీలు. ఆ భవనానికి అనుమతి ఉన్నది. కాని భారం మోసే భాగాల డిజైనులోనే లోపాలున్నాయని విచారణలో తేలింది. దాని పక్కనే అలాటిదే మరొక భవనం ఉండేది. దాన్ని 2016 నవంబరులో మందుగుండు పెట్టి కూల్చేశారు. కాగితం మీది అంకెలను లెక్క తెలిసినవారు నిజంగా పరిశీలించినప్పుడే అనుమతికి అర్థం. కట్టేవారు ఆ కాగితం ప్రకారమే కట్టినప్పుడే దానికి ఫలితం.

కొన్ని నియమాలు ఇల్లు కట్టే పనివారి కోసమే ఉన్నాయి. లోతుగా గుంట తవ్వితే దాని పక్కలు ఏటవాలుగా చెక్కాలి, లేదా పలకలతో ఊతం పెట్టాలి. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నరకు పైనే తూగుతుంది. అది మీద పడితే మనిషి ఊపిరి తీసుకోలేడు. చిన్న గది స్లాబు కింది ఊతకర్రలను కనీసం 7 రోజులైనా తియ్యరాదు. కాంక్రీటు ఎండినట్టు కనిపించినా, దానికి బలం మెల్లగా వస్తుంది. ఎత్తున పనిచేసేవారికి టోపీ, ఒంటికి భద్రతా పట్టీ, పరంజాకు అడ్డుకమ్మీ ఉండాలి.

ఇవన్నీ దండగ ఖర్చు అనేవారికి అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెన కథ చెప్పండి. దాన్ని 1933లో మొదలుపెట్టి 1937లో పూర్తిచేశారు. పనివారి కింద పెద్ద వల కట్టారు. పైనుంచి జారి ఆ వలలో పడి 19 మంది బతికారు. అయితే 1937 ఫిబ్రవరిలో ఒక బరువైన పనిబల్ల ఊడి వల మీద పడింది. వల చిరిగి 10 మంది చనిపోయారు. వల ఉన్నది గదా అని పనిబల్లల బిగింపును పరీక్షించటం మానరాదు. ఒక జాగ్రత్త మరొకదానికి బదులు కాదు.

మరి మీరు చెయ్యగలిగినదేమిటి? ఇసక గుట్ట ఎంత ఊరించినా, ఇల్లు కడుతున్న చోట ఆడుకోవద్దు. నీటి తొట్టికని తవ్విన గుంటలో వాననీరు నిలిస్తే లోతు తెలియదు. పిల్లలు అందులో పడి చనిపోయిన సంగతులు పత్రికలలో వస్తూనే ఉంటాయి. మూత గాని, అడ్డు గాని లేని గుంట కనిపిస్తే ఇంట్లో పెద్దలకు చెప్పండి. మీ ఇంట్లోవారు కొత్త ఇల్లు కొనబోతుంటే, గోడల రంగు చూడకముందు, "మంజూరైన ప్లాను ఏదీ? ఇల్లు అలాగే కట్టారా?" అని అడగమనండి. రేపు ఆ కప్పు కింద నిద్రపోయేది మీరే గదా!