క్రిస్మస్ నాడు తోడేలు మనిషి

పగలు మనిషి, రాత్రి తోడేలు. ఇటువంటివాని కథతో హాలీవుడ్ నుంచి ఒక భయానక చిత్రం రానున్నది. పేరు 'వేర్‌వుల్ఫ్'. 'వేర్' అంటే పాత ఇంగ్లీషులో పురుషుడు, 'వుల్ఫ్' అంటే తోడేలు. 2026 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ పండుగ రోజున, అమెరికాలో విడుదల చేస్తామని ప్రకటించారు.

దర్శకుడు రాబర్ట్ ఎగ్గర్స్ ఇటువంటి కథలలో చెయ్యి తిరిగినవాడు. మంత్రగత్తె కథ 'ది విచ్', రక్తపిశాచి కథ 'నొస్ఫెరాటు' ఆయనవే. ఐస్లాండు రచయిత శ్యోన్‌తో కలిసి ఈ కథ రాశారు. ఆరన్ టేలర్ జాన్సన్, లిలీ రోజ్ డెప్, విలెం డఫో నటీనటులు.

కథ జరిగేది 13వ శతాబ్దపు ఇంగ్లండులో. అంటే ఇక్కడ నెల్లూరులో తిక్కన సోమయాజి భారతం రాస్తున్న కాలమన్నమాట. పాత్రలు ఆనాటి ఇంగ్లీషే మాట్లాడేలా సంభాషణలు రాశారనీ, చదివేవారికి బోధపడటానికి పక్కన అర్థాలు, వివరణలు కూడా ఇచ్చారనీ 2025లో వార్తలు వచ్చాయి. తిక్కన పద్యం వింటే మనకు సగమైనా తెలుస్తుంది. ఆ ఇంగ్లీషు మాత్రం నేటి ఇంగ్లీషువారికే కొరుకుడు పడదు!

తోడేలు మనిషి అనగానే వెండి తూటా గుర్తొస్తుంది. ఈ కథాకాలానికి ఇంగ్లండులో తుపాకీయే లేదు. వాడు కరిస్తే కరిపించుకున్నవాడూ తోడేలవుతాడు, వెండి తగిలితే చస్తాడు అన్నవి జనంలో స్థిరపడింది ముఖ్యంగా 1941లో వచ్చిన 'ది వుల్ఫ్ మేన్' చిత్రంతోనే.

అయితే తోడేలు భయం మాత్రం కల్పన కాదు. ఆనాటి ఇంగ్లండుకు డబ్బు తెచ్చిపెట్టేది గొర్రెల ఉన్ని. మందపై తోడేలు పడితే కాపరి ఇల్లు గుల్లే. ఆ బాధ అనంతపురం, కర్నూలు మెట్టల గొర్రెల కాపరులకు చెప్పనక్కరలేదు. 1281లో రాజు మొదటి ఎడ్వర్డు పీటర్ కార్బెట్ అనే వానికి అధికారమిచ్చి, ఐదు కౌంటీలలో తోడేలన్నది మిగలకుండా చంపమన్నాడు. ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులవి. సుమారు 1500 నాటికి ఇంగ్లండులో తోడేళ్ల జాతే లేకుండా పోయింది.

యూరప్‌లో తక్కిన చోట్ల తోడేళ్లతో పాటు మనుషులకూ చావు వచ్చింది. 1589లో జర్మనీలోని కొలోన్ దగ్గర బెడ్‌బర్గ్ అనే ఊళ్లో పీటర్ స్టంప్ అనే రైతును పట్టుకున్నారు. సైతాను ఇచ్చిన మొలతాడు కట్టుకుని తోడేలుగా మారి పిల్లలను తిన్నానని, చిత్రహింసలకు జడిసి ఒప్పుకున్నాడు. ఎర్రగా కాల్చిన పట్టకార్లతో ఒళ్లు పీకి, ఎముకలు విరగ్గొట్టి, తల నరికి, దేహాన్ని తగలబెట్టారు. అతని కూతురినీ, అతనితో ఉన్న స్త్రీనీ కూడా కాల్చారు. ఆ మొలతాడు కోసం వెతికితే దొరకనే లేదట. చేతబడి చేశాడన్న అనుమానంతో ఇరుగు పొరుగువారే మనిషిని కొట్టి చంపిన వార్తలు చదివినవారికి ఇది అంత దూరపు సంగతిగా తోచదు.

చిత్రం స్టంప్ కథ కాదు, అంతకు మూడు వందల ఏళ్ల ముందుది. ఎగ్గర్స్ వెనుకటి చిత్రాలు చూసినవారికి ఒక మాట చెప్పనక్కరలేదు, తక్కినవారికి చెప్పాలి: పండుగనాటి సినిమా కదా అని పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేది కాదు.