కర్నూలు ఎండలో గ్రాఫిక్స్ కార్డు

కర్నూలులోగాని కడపలోగాని ఇంటర్మీడియట్ చదువుచున్న కుర్రవాడొకడు వేసవి సెలవులలో కంప్యూటరు ఆటల కొరకు మంచి గ్రాఫిక్స్ కార్డు కొనదలచినాడనుకొందము. అతడు మోజుపడినది 2022 అక్టోబరులో వెలువడిన ఎన్‌విడియా వారి ఆర్‌టిఎక్స్ 4090. వెలువడిననాడు దాని వెల మనదేశములో లక్షన్నర రూపాయలకు పైమాటే. మెట్టచేనులో వేరుసెనగ వేసుకొను కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. కుర్రవాడు పరీక్షాఫలితముల పట్టికలన్నియు చదివినాడు. ఫలానా ఆటలో సెకనుకు ఇన్ని చిత్రములని వానిలో ఉన్నది. ఆ అంకెలు అబద్ధములు కావు. కాని అవి సాధారణముగా ఇరువది, ఇరువదిరెండు డిగ్రీల చల్లని గదులలో కొలిచినవి. మే నెలలో, మధ్యాహ్నము మూడు గంటలవేళ, మిద్దెమీది గదిలో అవే అంకెలు వచ్చునా?

ముందుగా ఆ కార్డు చేయు పనియేమో చూతము. తెరమీద పరుగెత్తుచున్నట్లు కనిపించు బొమ్మ నిజముగా పరుగెత్తదు. సినిమాలో వలెనే నిశ్చలచిత్రములు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. అయితే సినిమా చిత్రములు ముందే తీసియుంచినవి. ఆటలోని చిత్రములను అప్పటికప్పుడు లెక్కగట్టవలెను. అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చుక్కలున్న తెరపై మొత్తము 82,94,400 చుక్కలు. సెకనుకు 60 చిత్రములైనచో సుమారు 50 కోట్ల చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఒక్కొక్క చుక్కకు వెలుతురు ఏ దిక్కునుండి పడుచున్నది, నీడ ఎక్కడ అను గణితము వేరుగా ఉన్నది. వేరుసెనగ పీకుటకు నేర్పరియైన శిల్పి ఒకడు చాలడు, నూరుమంది కూలీలు కావలెను. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు ఆ శిల్పి వంటిది; గ్రాఫిక్స్ కార్డు కూలీల గుంపు. 4090లో అట్టి కూలీలు 16,384. వారందరు 7,630 కోట్ల ట్రాన్సిస్టరులు గల ఒక్క సిలికాను పలుకుపై ఇమిడియున్నారు.

ఇక తూకము మాట. సెకనుకు ఇన్ని చిత్రములను సగటు ఒక్కదానిని చూచి మోసపోరాదు. కర్నూలునుండి కడపకు రెండు బస్సులు ఒకే కాలములో చేరినవి. ఒకటి సమవేగముతో నడిచినది. రెండవది నంద్యాల దాటువరకు దూకి, ఆళ్లగడ్డలో టైరు మార్చుకొనుటకు ఆగి, మరల దూకినది. సగటువేగము రెండింటికిని ఒకటే. ప్రయాణికుని నడుమునకు మాత్రము తేడా తెలియును. కార్డులలోను ఇంతే. ఒక కార్డు ప్రతి చిత్రమును 16.7 మిల్లీసెకన్లలో గీసిన సెకనుకు 60 అగును. మరియొకటి 59 చిత్రములను పన్నెండేసి మిల్లీసెకన్లలో గీసి, చివరిదానికి 292 మిల్లీసెకన్లు తీసికొన్నను 60 యే అగును. కాని ఆ చివరి క్షణమున ఆట గతుక్కుమనును. కావున మిక్కిలి మందగించిన నూటికొకవంతు చిత్రముల వేగమెంత అని అడుగవలెను. పట్టికలలో ఆ అంకె మూలనెక్కడనో ఉండును. నా మట్టుకు నేను మొదట చూచునది అదియే.

తెరను కూడ చూడవలెను. ఇంటిలోనున్నది 1,920 - 1,080 చుక్కల తెర అయినచో పని నాలుగవవంతునకు దిగును. ప్రాసెసరు పని అందించులోపల కూలీలు గట్టున కూర్చుందురు. అట్టి తెరకు 2023లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 4060 వంటి చిన్న కార్డు పెక్కు ఆటలకు చాలును. అందు కూలీలు 3,072. విద్యుత్తు 115 వాట్లు.

ఈ వాట్ల దగ్గరనే రాయలసీమ పాఠము మొదలగుచున్నది. 4090 నిండుపనిలో 450 వాట్లు పుచ్చుకొనును. 2025లో వచ్చిన 5090 అయితే 575. ఈ శక్తి ఎక్కడికి పోవుచున్నది? కార్డు బరువులెత్తదు, నీరు తోడదు. పుచ్చుకొన్నదంతయు చివరకు వేడియే. కదలక కూర్చున్న మనిషి దేహము సుమారు 100 వాట్ల వేడినిచ్చును. అనగా తలుపులు మూసిన గదిలోనికి నలుగురైదుగురు చుట్టములను పిలిచి కూర్చుండబెట్టినట్లే. మిగిలిన కంప్యూటరుకు, తెరకు 150 వాట్లు కలిపిన దినమునకు నాలుగు గంటల ఆటకు 2.4 యూనిట్లు, నెలకు 72. కరెంటు పోయినప్పుడు చిన్న యూపీఎస్ ఈ భారము మోయలేదు.

పంకా గాలి కార్డును గదిగాలికన్న చల్లబరచలేదు. గదిగాలికన్న ఇన్ని డిగ్రీలు ఎక్కువగా నిలుపగలదు, అంతే. 22 డిగ్రీల గదిలో ఒక కార్డు 66 వద్ద నిలిచినదనుకొందము. తేడా 44. పనియు పంకావేగమును మారనిచో 40 డిగ్రీల గదిలో అది రమారమి 84 కు చేరును. 4090 కి నిర్మాతలు విధించిన హద్దు 90. హద్దు సమీపించినకొలది పంకాలు రొదచేయును, పిదప కార్డు తనను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. పట్టికలోని అంకెలు అక్కడ జారిపోవును. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతములలో నాపరాళ్లు కోయుచోట్ల లేచు తెల్లని ధూళి రెక్కల నడుమ పేరుకొన్నచో ఆ 44 డిగ్రీల తేడా ఇంకను పెరుగును. నెలకొకమారు కుంచెతో దులుపుట తప్పదు.

దీనికి ఉపాయములు రెండు. మొదటిది కార్డులోనే ఉన్నది. ట్రాన్సిస్టరుల పనికి వ్యయమగు సామర్థ్యము వోల్టేజి వర్గమును పౌనఃపున్యముతో గుణించిన లబ్ధమును అనుసరించి మారును. వోల్టేజిని, పౌనఃపున్యమును పదేసి వంతులు తగ్గించి చూడుడు. 0.9 ని మూడుమార్లు గుణించిన 0.729. అనగా వేగములో నూటికి పదివంతులు వదలుకొన్నచో వేడిలో ఇరువదియేడు వంతులు తగ్గినది! ఈ సౌకర్యము కార్డు సాఫ్టువేరులోనే ఉండును. నూటికి పది చిత్రములు తగ్గినవని కన్ను గుర్తించుట అరుదు. 120 వాట్లు తగ్గినవని గది గుర్తించును.

రెండవది మన పొడిగాలి. రాయలసీమ ఎండను తిట్టని వాడుండడు గాని, అందొక మేలున్నది. 42 డిగ్రీల గాలిలో తేమ నూటికి ఇరువది ఉన్నప్పుడు, బుడ్డికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 24 డిగ్రీల దరిదాపున నిలుచును. తరగతిలోనే ఇది చేసి చూపవచ్చును. కడవలో నీరు చల్లబడుటకు కారణమిదియే, ఎయిర్ కూలరు పనిచేయు సూత్రమిదియే. ఒక కిటికీ తెరచి కూలరు నడిపిన గది 30 డిగ్రీలకు దిగవచ్చును. కార్డునకు పది డిగ్రీలు కలిసివచ్చినవి. గాలిలో తేమ నిండియుండు సముద్రతీరపు ఊళ్లలో ఈ సుఖము లేదు. కూలరు తుంపర మాత్రము పెట్టెకు సూటిగా తగులరాదు.

తీగలనుగూర్చి ఒక్క మాట. 12 వోల్టుల వద్ద 450 వాట్లనగా 37.5 ఆంపియరులు. ఆరు తీగలలో పంచుకొన్నను ఒక్కొక్కదానికి ఆరింటికి పైబడును. స్పర్శ సరిగా లేనిచోట నిరోధము పెరిగి, విద్యుత్ప్రవాహపు వర్గమును అనుసరించి వేడి పుట్టును. 2022లో కొన్ని కార్డుల కనెక్టరులు కరిగినవి; పూర్తిగా లోనికి నొక్కకపోవుట అందు ఒక ముఖ్యకారణముగా తేలినది.

కొనదలచిన కుర్రవాడు అట్టి కార్డున్న స్నేహితుని ఇంట పరీక్ష చేయవలెను. ఉదయము ఆరుగంటలకొకమారు, మధ్యాహ్నము మూడింటికొకమారు, అదే ఆటలో అదే ఘట్టమును అరగంటసేపు ఆడవలెను. మొదటి ఐదు నిమిషముల అంకెలు లెక్కకు రావు. అప్పటికి లోహము ఇంకను వేడెక్కుచునే ఉండును. గదిలో గోడకొక థర్మామీటరు వ్రేలాడదీసి గది ఉష్ణము, కార్డు ఉష్ణము, సగటువేగము, మందగించిన నూటికొకవంతు వేగము అను నాలుగు అంకెలను రెండు వరుసలలో వ్రాసుకొనవలెను. పిదప సామర్థ్యమును మూడువంతులకు దించి, మూడవ వరుస వ్రాయవలెను. చాలమార్లు మధ్యాహ్నపు మొదటి వరుసకన్న ఈ మూడవదియే నిలకడగా కనిపించును.