కప్పు కింద మనిషి

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు దాకా వెళితే పెద్ద పరిశ్రమలు చాలావరకు ఆవిరి మీదే నడుస్తాయి. పాల్వంచ థర్మల్ కేంద్రంలో టర్బైన్లను తిప్పేది ఆవిరి. సారపాకలో 1979 నుంచి తయారవుతున్న కాగితం ఆవిరితో కాగే సిలిండర్ల మీద ఆరుతుంది. అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీల్లో పామాయిల్ గెలలు ఆవిరిలో ఉడికితేనే పండ్లు ఊడివస్తాయి. బయట చూస్తే మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లోపలి సెగ, బయటి ఎండ కలిసే చోట మనిషి ఎనిమిది గంటలు నిలబడాలి. కాబట్టి ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీ కట్టాలనుకునేవారు ముందుగా ఆలోచించాల్సింది అందరికంటే వేడి చోట పనిచేసే కార్మికుడి గురించి. భవనం గీత అతని దగ్గరే మొదలవ్వాలి.

ఇది దయాధర్మాల మాట అనుకోనక్కర్లేదు. మన దేశపు ఫ్యాక్టరీల ఉత్పత్తి లెక్కలను ఉష్ణోగ్రతలతో పోల్చి ఆర్థికవేత్త ఇ. సోమనాథన్ బృందం 2021లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఏడాది వేడి ఒక డిగ్రీ పెరిగితే ఉత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతోందని అందులో తేలింది. వేడికి చేతులు నెమ్మదిస్తాయి, నాగాలు పెరుగుతాయి. మన చట్టానికీ ఈ సంగతి కొత్త కాదు. గోడలు, కప్పు వేడిని వీలైనంత తగ్గించే తీరులో ఉండాలనీ, విపరీతమైన సెగ పుట్టే పనిని మిగతా చోటు నుంచి వేరుచేయాలనీ 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లోనే రాశారు. ఆ చట్టమే, తాను వచ్చాక కట్టే ఫ్యాక్టరీల్లో ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలంది. ఆ లెక్కలో 4.2 మీటర్లకు పైనున్న ఖాళీని కలపకూడదని కూడా చెప్పింది. అంటే ఎత్తైన షెడ్డు చూపించి ఇరుకును కప్పిపుచ్చకూడదన్నది దాని ఉద్దేశం.

ఆధునిక ఫ్యాక్టరీ అనగానే చాలామందికి అద్దాల గోడలు గుర్తొస్తాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 1931 నాటికి పూర్తయిన వాన్ నెల్లె ఫ్యాక్టరీ అలాంటిదే. వెలుతురు కరువైన చలిదేశంలో కార్మికుడికి సూర్యుణ్ణి అందించాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం మనకూ కావాలి, ఆ అద్దాలు మాత్రం వద్దు. ఇక్కడ పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి, పొట్టి గోడలు తూర్పు పడమటి ఎండకు ఎదురు నిలవాలి. ఉత్తరపు వెలుగు పైనుంచి దిగాలి. రేకుల కింద వేడిని ఆపే పొర, పైన తెల్లని పూత ఉండాలి. వేడిగాలి పైకి లేస్తుంది కనుక శిఖరాన బయటికి దారి, కింద చల్లగాలికి లోపలికి దారి ఉండాలి. నీళ్ల కూలర్లు పొడి మే నెలలో బాగా పనిచేస్తాయి, ముసురు పట్టిన జూలైలో చేతులెత్తేస్తాయి. అందుకని గాలి కదలికను, ఆవిరిని పుట్టిన చోటే పట్టి బయటికి పంపే గొట్టాలను నమ్ముకోవడం మేలు.

ఖర్చు మాటేమిటని యజమానులు అడుగుతారు. భవనాన్ని ఏ దిక్కుకు తిప్పాలన్నది కాగితం మీద ఉన్నంతసేపూ పైసా ఖర్చులేని నిర్ణయం. స్తంభాలు లేచాక ఎంత పోసినా అది మారదు. ఈ ప్రాంతం వాళ్లకు ఎండ అలవాటేనని ఇంకొందరంటారు. ఒళ్లు చల్లబడేది చెమట ఆరినప్పుడే. ఆవిరి నిండిన గదిలో చెమట ఆరదు, దానికి ఏ అలవాటూ మందు కాదు. కంట్రోల్ రూముకు ఏసీ పెట్టాం కదా అనేవారూ ఉన్నారు. ఆ చల్లదనం తెర ముందు కూర్చున్న నలుగురికే చెందుతుంది. గెలలు దించే హమాలీకి, బాయిలర్ దగ్గర బూడిద తీసే కాంట్రాక్టు కార్మికుడికి, గంటల తరబడి నిలబడే స్త్రీలకు అది చేరదు. వాళ్లకు కావలసింది అడుగుల దూరంలో మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, నడుం వాల్చే నీడ.

తెలంగాణలో పామాయిల్ సాగు పెరుగుతోంది, దాని వెంటే కొత్త ఫ్యాక్టరీలు వస్తున్నాయి. కోసిన గెల ఆగదు కనుక వాటిలో పని రాత్రీపగలూ సాగాల్సిందే. వాటి ప్లాన్లు ఆమోదించే అధికారులు యంత్రాల జాబితాతో పాటు, నడి మే మధ్యాహ్నం ఒక్కో పనిచోట ఎంత వేడి ఉండబోతోందన్న లెక్కను కూడా అడగాలి. పాత ఫ్యాక్టరీల్లో అదే పని చేసినవారిని పిలిచి ఆ ప్లాను చూపించాలి. ఎక్కడ ఊపిరి ఆడదో వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు.