గొలుసు రంపమును వాడు విధము



నేను ముప్పది యేండ్లకు పైగా బాలురకు సంధులు, సమాసములు చెప్పినవాడను. నీకు రంపములతో నేమి పనియని మీరడుగవచ్చును. రెండేండ్ల క్రిందట తనకల్లులో గాలివానకు మా పెరటి వేపచెట్టు పశువుల కొట్టముపై బడెను. మా అన్నకుమారుడు కదిరినుండి పెట్రోలు రంపమొకటి బాడుగకు దెచ్చెను. కూలివాడు పెట్రోలులో నూనె కలుపబోగా నేనాపితిని. "మంచి పెట్రోలును కల్తీ చేయుదువా?" యంటిని. "అయ్యవారూ, నూనె లేకపోతే మిషను పట్టేస్తాది" అని యతడు రెండుమారులు చెప్పెను. అక్షరము రానివాడు కదాయని నేను వినలేదు. పావుగంటలో యంత్రము బిగిసి నిలిచెను. పిస్టను గీరుకొనిపోయెను. మరమ్మతు సొమ్ము నాది, సిగ్గును నాదే. పిమ్మట ఆ కూలివాని యొద్దనే కూర్చుండి నేర్చుకొన్నది మీకు మనవి చేయుచున్నాను.

బండి యిరుసునకు కందెన యెట్టిదో, ఈ యంత్రమునకు నూనె యట్టిది. కారు ఇంజనుకు నూనెతొట్టి వేరుగా నుండును. ఈ చిన్న ఇంజనుకు అది లేదు. పెట్రోలుతో గూడ వచ్చిన నూనెయే లోపలి భాగములను తడుపవలెను. ఇందుకు టూ-టి నూనెయని వేరుగా అమ్ముదురు. యంత్రముతో వచ్చిన పుస్తకములో 50కి 1 అని యున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు కలుపవలెను. కంటి అంచనా పనికిరాదు, కొలపాత్ర యుండవలెను. నేటి పెట్రోలులో ఎథనాలు కలిసియుండును; అది గాలిలోని తేమను పీల్చును. కావున ఒక నెలలో వాడునంతయే కలుపుకొనుడు. గొలుసునకు కారెడి నూనె వేరొకటి, దాని తొట్టియు వేరు. మోటారు బండినుండి తీసిన నల్లనూనెను అందు బోయుదురు. దానిలోని లోహపు రజము నూనెపంపును, బద్దెను తినివేయును.

ఏ రంపము కొనవలెననగా, ఇంటి యొద్ద కట్టెలు కోయుటకు కరెంటుది చాలును. పొగ లేదు, నూనె కలుపు పని లేదు. దూరపు చేనికి సన్నని తీగ లాగినచో వోల్టేజి తగ్గి మోటారు వేడెక్కును; తడిలో దానిని ముట్టరాదు. బ్యాటరీవి కొమ్మలు నరకుటకు మేలు. చేలలో సర్కారుతుమ్మ మోళ్లను తీయవలెనన్న పెట్రోలుదే తగును. ఆ కట్టె గట్టిది; బెరడుకు అంటిన యిసుక గొలుసు పదునును క్షణములో చెరచును. మొదట మట్టి దులుపుడు.

1926లో జర్మనీలో ఆంద్రెయాస్ స్టీల్ చేసిన కరెంటు రంపమును ఇద్దరు మోయవలసివచ్చెడిది. 1946లో జోసెఫ్ కాక్స్ అను అమెరికావాడు మాను తొలుచు పురుగు దవడలు అటునిటు కొరుకుట చూచి గొలుసు పండ్లను ఆ తీరున మలచెను. నేటి గొలుసు పండ్లు ఆ తీరువే. పురుగును జూచి నేర్చినవాడుండగా, నేను మనుష్యుని మాటయే వినకపోతిని!

ఇక అసలు భయము బద్దె కొనయందున్నది. కొన పైభాగము కట్టెకు దగిలెనా, రంపము రెప్పపాటులో వెనుకకెగిరి మొగమును, మెడను కోయును. రెండు చేతుల పట్టు వదలరాదు. భుజమునకు మించి యెత్తరాదు, నిచ్చెన యెక్కి కోయరాదు. కాలు గొలుసు దారికి ప్రక్కగా నుంచవలెను. నేలపై నుంచి, గొలుసు బ్రేకు వేసి, వెనుక పిడిలో కాలుంచి త్రాడు లాగవలెను. మన పంచె కుచ్చెళ్లు, భుజముపై తువాలు ఈ పనికి శత్రువులు. బిగుతైన షరాయి తొడుగుకొనుడు. వేడిమీద పెట్రోలు పోయరాదు. ఎండిన బోదగడ్డిలో దానిని దించరాదు.

గొలుసు కోయునపుడు పేళ్లు రాక పొట్టు రాలినచో పదును పోయినదని తెలిసికొనుడు. గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటిని ఒకే కోణమున, ఒకే లెక్కన రుద్దవలెను. మా ఇంట నేటికిని ఆ పని అతడే చేయును. నేను ప్రక్కన కూర్చుండి పండ్లు లెక్కపెట్టుచుందును.