తునకలుగా చేసిన నర్మదా ప్రదక్షిణము

నర్మదా పరిక్రమమునకు పెద్దలు చెప్పిన కాలము మూడేండ్ల మూడు నెలల పదుమూడు దినములు. అంతకాలము గడప దాటి తిరుగుటకు ఇల్లాలికి తీరిక యెక్కడిది? అయినను మేమా పరిక్రమమును ముగించితిమి. ఒక్క పయనమున గాదు. 2009వ సంవత్సరపు వేసవిలో మొదలిడి 2024 వేసవివరకు, పదుమూడు విడతలుగా. దీనిని ఆ ప్రాంతమువారు ఖండ పరిక్రమ మందురు.

నర్మద మధ్యప్రదేశమున అమరకంటకముకడ మైకల పర్వతములలో పుట్టి, 1312 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, గుజరాతున భరూచి కావల ఖంభాతు సింధుశాఖలో కలియును. పరిక్రమ మనగా ఆ నది కంతటికి ప్రదక్షిణము. నది యెల్లప్పుడు కుడిచేతి వైపుననే యుండవలెను. ఉపనదులను దాటవచ్చును గాని నర్మదను దాటరాదు. చాతుర్మాస్యమున నడక నిలుపవలెను. రెండు తీరములును కలిసి 2600 కిలోమీటర్లకు పైబడును.

మా వారు బడిపంతులు. వారికి తీరిక వేసవి సెలవులే. జబల్పూరున చిత్రకళ నేర్పిన అమృతలాల్ వేగడ్ గారు 1977లో, ఏబదియేండ్లకు సమీపించిన వయసున, ఈ నడక నారంభించి విడతలుగా సాగించిరనియు, పిదప వారి సతి కాంతగారును వెంట నడచిరనియు మా వారు చదివి చెప్పగా మాకు ధైర్యము కలిగెను. అత్తగారికి మాత్రము నచ్చలేదు. “తునకలు చేసిన వ్రతము వ్రతమెట్లగు నమ్మాయీ?” అని యడిగిరి. మాకు బదులు తోచలేదు. అయినను పసివానిని తమయొద్ద నుంచుకొని మమ్ము పంపిరి.

ఓంకారేశ్వరమున సంకల్పము చెప్పుకొని, చిన్న సీసాలో నర్మదాజలము పట్టుకొని, దక్షిణతీరమున పడమటికి బయలుదేరితిమి. రెండేసి నూలుచీరలు, ఒక దుప్పటి, ఒక గిన్నె, ఇంతియే మూట. తెల్లవారుజామున లేచి ఎండ ముదురకముందే పండ్రెండు పదుమూడు కిలోమీటర్లు నడచి, ఏదేని గుడిలోనో ధర్మశాలలోనో దిగుదుము. ఊరూర “నర్మదే హర!” యని పలుకరించి, పిండియు పప్పును ఇత్తురు. దానిని సదావర్త మందురు. అన్నము వండుటకే యలవాటుపడిన మా చేతికి రొట్టె గుండ్రముగా వచ్చుటకు రెండు వేసవులు పట్టినది! సెలవులు ముగియవచ్చిన నాడు ఏ ఘట్టమున నిలిచితిమో దానిపేరు వ్రాసికొని యిల్లు చేరుదుము. మరుసటేడు ఆ మెట్టునుండియే నడక.

2012లో పెద్ద చిక్కు వచ్చినది. దక్షిణతీరము ముగిసిన విమలేశ్వరముకడ పడవనెక్కి, సాగరసంగమమును చుట్టి ఉత్తరతీరమున మీఠీతలాయి చేరితిమి. అక్కడ పడవనెక్కుట నియమమునకు లోబడినదే. కాని మా యిల్లు విజయనగరము, నదికి దక్షిణమున నున్నది. ఉత్తరతీరమునుండి యింటికి వచ్చు దగ్గరి దారులన్నియు వంతెనమీదుగానే. రైలులో దాటినను దాటినట్లే గదా! మా వారు పిల్లల భూగోళపటము పరచి దారి వెదకిరి. భోపాలు, బీనా, కట్నీ, షాడోలు, పెండ్రారోడ్డు, బిలాసపూరు, రాయపూరు, విజయనగరము. ఈ మార్గము నది పుట్టినచోటికి తూర్పుగా చుట్టివచ్చును గాన, ఎచ్చటను నర్మదను దాటదు. ప్రయాణము పెరిగినను నియమము నిలిచినది. అత్తగారు కండ్లద్దములు పెట్టుకొని పటముమీద ఆ దారిని వ్రేలితో మెల్లగా తడిమి చూచి, ఏమియు ననలేదు. మరునాడు మా మూటలో కారప్పొడి పొట్లము క్రొత్తగా కనబడెను.

2015లో పాలరాతిగట్ల నడుమ నది పారు భేడాఘాటు చేరి నిలిచితిమి. మరుసటేడు అత్తగారికి పక్షవాతము వచ్చెను. ఆ వేసవి మేమెక్కడికిని పోలేదు. అచ్చట ఆగిన నడక యిక సాగదని మనసున దిగులు. ఆ దిగులు కలిగినందుకు సిగ్గు. ఒకనాడు వారి మంచముమీద బొంత సరిచేయుచుండగా, “ఇది నా పాతచీరల తునకలతో కుట్టినది గదే! తునకలైనంత మాత్రమున చలి ఆపకున్నదా? వచ్చేయేడు పొండి” అనిరి. ఏడేండ్లక్రిందటి ప్రశ్నకు వారే బదులిచ్చిరి. 2017లో వారు చేతికఱ్ఱతో తిరుగగలిగిన పిదప మరల బయలుదేరితిమి. 2018లో అమరకంటకమున నది మొదలును చుట్టి దక్షిణతీరమునకు వచ్చితిమి. కరోనా వ్యాధివలన 2020, 2021 వేసవులు గడచిపోయినవి. ఆ రెండవయేటనే అత్తగారు దాటిపోయిరి.

కడపటి విడతలో తీరమును విడిచి బహుదూరము చుట్టవలసి వచ్చెను. ఇందిరాసాగరపు ఆనకట్ట వలన 2004లో హర్సూదు పట్టణము ఖాళీ చేయబడి నీట మునిగినది. ఆ ప్రాంతమునుండి లేచివచ్చిన యొక ముసలమ్మ మాకు పిండి పెట్టుచు, “మా వంటిల్లు ఆ నీటిక్రిందనే యున్నది తల్లీ. మీ ప్రదక్షిణము దానికిని చెందును” అనెను. ఆమె కొంగున కన్నులు తుడుచుకొనలేదు, మేమే తుడుచుకొంటిమి. నాటి రాత్రి ఆ పిండితో చేసిన రొట్టె గొంతు దిగుట కష్టమైనది.

ఓంకారేశ్వరమున, పదునైదేండ్లు దాచిన సీసానీటిని స్వామికి సమర్పించునపుడు పూజారి గోత్రనామములడిగెను. మా వారు తమ తల్లిపేరు ముందు చెప్పిరి.

తీరికలేదని మంచి పనిని మానుకొను సోదరీమణులకు మా మనవి యొక్కటే. పెద్ద గ్రంథమైనను, సంగీతమైనను, తీర్థమైనను, కొంత చేసి నిలిచినచోటు గుర్తుపెట్టుకొనుడు. ఒక యేడు తప్పినను దుఃఖింపకుడు. మరుసటేడు ఆ మెట్టునుండియే నడువవచ్చును.